మా అమ్మ చెవి, గద్వాల కారు

మొన్న మా తమ్ముడు వనపర్తిలో పాత వంటిల్లు పడగొట్టి కొత్తది కట్టించుకుంటూ, అటక మీది సామానంతా కిందికి దించి నాకు ఫోను చేశాడు. "అక్కా, నీకేమన్న కావాలంటే వచ్చి తీస్కపో. లేకుంటే పాత సామాన్లోనికి ఏస్త" అన్నాడు. వెళ్ళాను. ఇత్తడి గుండిగలు, రాగి బిందెలు అప్పటికే మా మరదలు పక్కన పెట్టేసుకుంది. తెలివైన మనిషి, నేనేమీ అనుకోలేదు. మిగిలినవన్నీ చిల్లుల గిన్నెలు, విరిగిన చేటలు. వాటి అడుగున మసి పట్టి ఒక ఇనుప ఊదుగొట్టం కనబడింది. కట్టెల పొయ్యి ఎరగని పిల్లల కోసం చెబుతున్నాను: పొయ్యిలో నిప్పు మందగించినప్పుడు ఒక కొస నోట్లో, ఒక కొస నిప్పు దగ్గర పెట్టి ఊదేవాళ్ళం. అయితే ఈ గొట్టానికి నోటి వైపు కొసన గుడ్డ పీలికలు మెత్తగా చుట్టి ఉన్నాయి. నోట్లో పెట్టుకునే చోట గుడ్డ ఎవరు చుడతారు? "ఇదేందక్కా?" అన్నాడు తమ్ముడు. "అమ్మ కారు రిపేరు చేసిన గొట్టంరా" అన్నాను. వాడు నావైపు ఒకసారి, మరదలి వైపు ఒకసారి చూశాడు. పెద్దావిడకు వయసు మీద పడింది అనుకున్నట్టున్నాడు. వాడు పుట్టేసరికే ఆ కారు కథ అయిపోయింది. వాడికి తెలియకపోవడంలో వింత లేదు. నాకు తెలిసీ ఇన్నేళ్ళు రాయకపోవడమే వింత.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాని రోజులు. మా నాయన వనపర్తిలో వకీలు. ఆయనకు గద్వాలలో ఒక స్నేహితుడుండేవాడు, కలవారి బిడ్డ. చదువుకు ఇంగ్లండు పోతూ తన కారును నాయనకు అప్పగించి, "నేనొచ్చేదాకా నడుపుకో, లేకుంటే తుప్పు పడుతుంది" అన్నాడట. రెండు పడవలు జోడించి, పైన పలకలు పరిచి, కృష్ణ దాటించి తెచ్చారు దాన్ని. ముదురు ఆకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, నేలకు కరుచుకున్నట్టుండే ఒళ్ళు, రెండే తలుపులు. పరుగు పందాల కోసం పుట్టిన బండి. దాన్ని స్పోర్ట్సు కూపే అనాలని నాయన కనబడినవాడికల్లా చెప్పేవాడు. ఊళ్ళో ఒక్కడూ అనలేదు. "గద్వాల కారు" అన్నారు, అదే నిలిచింది. పాపం, మా దుమ్ము రోడ్ల మీద దానికి పరుగెత్తే భాగ్యం ఏనాడూ పట్టలేదు. ఎద్దుబండ్ల వెనక తల వంచుకుని నడవడమే దాని రాత అయింది.

ఆ కారు లోపల ఒకటే సీటు. ముగ్గురు సర్దుకుంటే పడతారు. వెనక డబ్బా మూత పైకి లాగితే అందులోంచి ఇంకో సీటు లేస్తుంది, దానికి కప్పు లేదు. దాన్ని డిక్కీ సీటు అనేవాళ్ళు. ఇక్కడే వచ్చింది చిక్కు. మాది ఘోషా పాటించే ఇల్లు. మా తాత సంస్థానంలో పేష్కారుగా చేసి మానుకున్నవాడు. కొలువు పోయినా దర్జా పోలేదు. ఆడవాళ్ళు బయటికి వెళితే నాలుగు వైపులా గుడ్డ కట్టిన సవారి బండిలోనే వెళ్ళాలి. మరి ఒకే సీటున్న కారులో డ్రైవరు పక్కన కోడలు ఎట్లా కూర్చుంటుంది? పెద్ద పంచాయితీ జరిగింది. చివరికి తేలిందేమంటే, నాయన నడపాలి, ఎడమ పక్క అద్దానికి నల్ల పరదా కట్టి అమ్మ కూర్చోవాలి, మధ్యన నేను, వెనక డిక్కీలో డ్రైవరు ఖాసిం మామ. బండిని చూసుకోవాల్సినవాడు వెనక దుమ్ము తింటూ కూర్చుంటాడు. బండి గురించి ఏమీ తెలియని నాయన ముందు కూర్చుని నడుపుతాడు. ఇట్లాంటి ఏర్పాటు మా ఇంట్లోనే కుదురుతుంది.

నాయన నడపడం బాగానే నడిపేవాడు. కానీ స్టీరింగు పట్టుకోగానే మర్నాటి కేసు వాదించడం మొదలుపెట్టేవాడు. ఎదురు వకీలు ఏమంటాడో ఆయనే అని, దానికి జవాబు ఆయనే చెప్పి, గెలిచి, సంతోషపడేవాడు. ఆ మధ్యలో ఇంజను కేకలు పెట్టినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఖాసిం మామకు బంగారం లాంటి చెవి ఉంది. పడుచుతనంలో సంస్థానం గుర్రాలు చూసినవాడు, తర్వాత హైదరాబాదులో బస్సులు నడిపినవాడు. కానీ వెనక డిక్కీలో గాలి హోరు తప్ప ఆయనకేం వినబడుతుంది? ఇక ఇంజనుకు దగ్గరగా, నోరు కట్టుకుని, చెవులు తెరుచుకుని కూర్చున్న మనిషి మా అమ్మ ఒక్కతే.

ఆ కారు అమ్మకు ఎందుకంత ప్రాణమో చెప్పాలి. మా అమ్మమ్మ నాగర్‌కర్నూల్లో పక్షవాతం వచ్చి మంచాన ఉండేది. కుడి చెయ్యి, నోరు పడిపోయాయి. సవారి బండిలో అక్కడికి పోవాలంటే మధ్యలో మజిలీ చేయాలి, తోడుకు మనుషులు కావాలి. అందుకని ఏడాదికి ఒకసారి పంపితే గొప్ప. కారు వచ్చాక ప్రతి నెలా ఒకరోజు పొద్దున్నే పోయి, తల్లికి తలంటి, గోళ్ళు తీసి, నాలుగు ముద్దలు తినిపించి, చీకటి పడేలోపు వచ్చేసేది. అమ్మమ్మ మాట్లాడలేకపోయినా హారన్ వినగానే ఎడమచెయ్యి లేపేదట. "నెలంత ఆ చెయ్యి కోసమే బతుకుతున్ననే" అనేది అమ్మ నాతో. కానీ తాత ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టాడు. "ఆ బండి మా కోడలిని ఎక్కించుకొని దారిల ఒక్కసారి ఆగిందా, మర్నాడే గద్వాలకు వాపస్. పదిమంది సూస్తుంటె నడిరోడ్డు మీద కోడలు నిలబడుడు ఈ ఇంట్ల నడ్వది." ఆ మాట కూడా అమ్మతో అనలేదు, నాతో అన్నాడు. కోడలితో మామ నేరుగా మాట్లాడకూడదు, మామతో కోడలు అసలే మాట్లాడకూడదు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా, "మీ అమ్మకు చెప్పు" అని ఆయన, "తాతకు చెప్పవే" అని ఈమె, మధ్యలో నేను. ఖాసిం మామతోనూ అంతే. పరదా ఇవతలి మాట అవతలికి చేరవేసే రాయబారం కొలువు నాది. జీతం లేదు గానీ అధికారం ఉండేది. నచ్చని మాటను మధ్యలోనే మింగేసేదాన్ని.

ప్రయాణం రోజు ఇంట్లో హడావుడి తెల్లవారకముందే మొదలయ్యేది. పెట్రోలు డబ్బాలలో వచ్చేది, అందులో తుప్పు, నలకలు. దాన్ని నాయన పాత మల్లు పంచె మడతల్లోంచి వడగట్టేవాళ్ళు, అచ్చంగా పానకం వడగట్టినట్టు. ముందరి ఇత్తడి చట్రాన్నీ దీపాల అంచుల్నీ వంటింటి చింతపండుతోనే తోమేవాళ్ళు. బద్దల స్ప్రింగులు కిర్రుమనకుండా ఖాసిం మామ ఆముదం రాసేవాడు. పెట్రోలు, చింతపండు, ఆముదం, వాటి మీద మా నాయనమ్మ వెలిగించిన హారతి కర్పూరం, అన్నీ కలిసిన ఆ వాసన నాకు ఇప్పటికీ ప్రయాణం వాసనే. నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. అందరూ ఇంట్లో మూటలు సర్దుకుంటుంటే అవ్వ కారు చుట్టూ తిరిగి, తలుపు తీసి లోపలికి వంగి ఏదో గొణిగి, నిమ్మకాయ తిప్పి చక్రం కింద పెట్టేది. తిరిగి వచ్చినప్పుడూ అంతే. మేం దిగీ దిగకముందే తను తలుపు దగ్గరికి వచ్చి వంగి ఏదో సర్దేది. ముసలావిడ చాదస్తం అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి రెండు మూడు ప్రయాణాల్లోనే అమ్మ చెవి పట్టేసింది. ఇంటికి వచ్చాక పరదా వెనక నిలబడి నాతో చెప్పించేది. "పాలు పొంగే ముందు బుసబుసమన్నట్టు అంటుందని చెప్పు" అంటే నేను చెప్పేదాన్ని. ఖాసిం మామ గడ్డం గోక్కుని, రేడియేటరు మూత తీసి చూస్తే దాని కింది వాషరు చీలిపోయి ఉండేది. "కోడిపిల్ల మీద కాలేసినట్టు కీచుమంటుంది, బండి జోరు పెంచినప్పుడే" అంటే ఫ్యాను బెల్టు వదులై ఉండేది. "ఉప్పుగల్లు పొయ్యిల పడ్డట్టు చిటచిట, అదీ వానపడ్డ పొద్దే" అంటే ప్లగ్గు తీగకు తేమ తగిలి ఉండేది. రాను రాను వాళ్ళిద్దరికీ ఒక భాష కుదిరింది. ఈమె రోగం చెప్పేది, ఆయన దానికి మందు చెప్పేవాడు. మొహాలు ఒకరివొకరు సరిగా చూసుకోలేదు. ఊదుగొట్టం కూడా అప్పుడే కారు దగ్గరికి వచ్చింది. వడ్ల గుమ్మిలో ఎలుక దూరిందేమోనని అమ్మ అదివరకే ఆ గొట్టం గుమ్మికి ఆనించి రెండో కొస చెవిలో పెట్టి వినేది. ఒకరోజు మగవాళ్ళు ఇంజను ఆపకుండానే లోపలికి పోయినప్పుడు కారుకు అదే పని చేసింది. ఇంజను వేడికి ఇనుము కాలి చెవి కమిలింది. మర్నాటికి గుడ్డ పీలికలు చుట్టేసుకుంది. ఖాసిం మామకు ఆ సంగతి చెబితే చాలాసేపు నవ్వి, "దవాఖాన్ల డాక్టరు సాబు మెడల వేసుకునేది గిదే గద బిడ్డా" అన్నాడు.

అట్లా సాగుతుండగా వచ్చిపడింది ఆ టక్కు. టక్... టక్ టక్... టక్. గతుకు పడినప్పుడల్లా సీటు కిందో, తలుపులోనో, ఎక్కడో ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు. అమ్మ చెప్పించింది. ఖాసిం మామ మర్నాడు బండి తీసుకుని ఊరి చుట్టూ తిరిగి వచ్చి, "ఏం లేదు బిడ్డా, బండి వీణ లెక్క ఉన్నది" అన్నాడు. మరుసటి నెల మేం ఎక్కితే మళ్ళీ టక్. దిగితే లేదు. నాయన ఒక్కడే కోర్టుకు పోతే లేదు. ఖాసిం మామ పరేషానైపోయాడు. బండి అంతా విప్పాడు. ఇల్లు పీకి పందిరి వేసినట్టు చక్రాలూ, తలుపులూ, మడ్‌గార్డులూ ఊడదీసి పశువుల కొట్టం నిండా పరిచి, మళ్ళీ బిగించాడు. మళ్ళీ ఎక్కితే మళ్ళీ టక్. "ఆడోళ్ళకు ఊరికెనే ఏదో ఒకటి ఇనబడ్తది" అన్నాడు నాయన నవ్వుతూ. అమ్మకు ఆ నవ్వు గుచ్చుకుంది. ఆ సంగతి ఎవరో తాత చెవిన వేశారు. ఆయన నన్ను పిలిచి, "ఆడోళ్ళు ఎక్కితెనే మొత్తుకునే బండి ఏం బండి? వచ్చే నెల నేనే వస్త. ఎనక కూసుంట. మీ అమ్మకు చెప్పు" అన్నాడు. ఆ మాట మింగే అధికారం నాకు లేదు. చెప్పాను. అమ్మ పప్పు ఏరుతూ చేట అట్లాగే పట్టుకుని కూర్చుంది. "అయిపోయిందే. ఈసారి పోతె మల్ల పోయేది లేదు" అంది.

ఆ పొద్దున తాత తలపాగా చుట్టుకుని డిక్కీ సీటులో, పక్కన ఖాసిం మామ గొడుగు పట్టుకుని కూర్చున్నారు. పేష్కారు గారు కారు తోకలో కూర్చుని పోతుంటే బజారంతా నిలబడి చూసింది. నాయన ఆ రోజు కేసు వాదించలేదు. తండ్రి వెనక ఉంటే ఎంత వకీలైనా కుక్కిన పేనే. ఊరు దాటగానే మొదలైంది, టక్ టక్. అమ్మ తన బట్టల మూటలోంచి ఊదుగొట్టం తీసింది. నేను నోరు తెరిచాను. ఒక కొస చెవికి పెట్టుకుని, ఇంకో కొస తలుపుకు ఆనించింది, అడుగు పలకకు ఆనించింది, చివరికి నన్ను కాళ్ళు ఎత్తమని సీటు అంచుకు ఆనించింది. అక్కడ ఆగింది. సీటు కిందికి చెయ్యి దూర్చి తడిమింది. చెయ్యి బయటికి తీస్తే అందులో నల్లదారం కట్టిన పాత లాడం, గుర్రం డెక్కకు కొట్టేది. దారం సాగి వదులై, లాడం సీటు ఇనుముకు వేలాడుతూ గతుకు గతుకుకూ కొట్టుకుంటోంది. ఒక పక్క రెండు మేకులు ఇంకా అట్లాగే ఉన్నాయి. పసుపు అంటి ఉంది.

అది ఎవరి పనో అమ్మకు చెప్పనక్కరలేదు. ఆడవాళ్ళూ పిల్లలూ పొలిమేర దాటితే వెంట ఇనుము ఉండాలి, గాలీ ధూళీ సోకకుండా. ఇంటికి తిరిగి రాగానే ఆ ఇనుమును తీసేసి పసుపునీళ్ళతో కడగాలి, దారిలో పట్టిన దిష్టి ఇంట్లోకి రాకుండా. అవ్వ వంగి వంగి చేసింది ఇదీ. ఆడవాళ్ళం ఎక్కితేనే ఎందుకు మోగిందో, ఖాసిం మామ ఎంత విప్పినా ఎందుకు దొరకలేదో ఒక్కసారి తేలిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. నాయనకు చెప్పబోయిన నా నోరు మూసింది. లాడాన్ని చేతిగుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. బండి నిజంగానే వీణలా అయిపోయింది. వెనక నుంచి తాత గొంతు, "ఏం చప్పుడు లేదు గదర!" అని వినబడింది. అమ్మ ముఖం చూడాల్సింది అప్పుడు. గోపాలపేట దాటేదాకా ఆ ముఖం అట్లాగే వెలిగింది.

తర్వాత చిన్నగా ఆ వెలుగు తగ్గింది. మళ్ళీ గొట్టం తీసింది. టక్కు చప్పుడు పోయాక దాని కింద అణిగి ఉన్న ఇంకో చప్పుడు పైకి వచ్చింది. నాకు వినబడలేదు. తనవైపు ముందు చక్రం దగ్గర, చక్రం తిరిగిన ప్రతిసారీ, నలిగినట్టు, జారినట్టు ఒక గరగర. అమ్మ గొట్టం దించింది, మళ్ళీ పెట్టింది.  ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే బండి ఆగదు, తల్లి దగ్గరికి పోవచ్చు, ఏదైనా జరిగితే జరుగుతుంది, జరగకపోతే లేదు. నోరు తెరిస్తే బండి ఆగుతుంది. ఆగితే ఆ ఎడమచెయ్యి మళ్ళీ ఏడాదికే. ఎదురుగా చెరువుకట్ట కనబడుతోంది. దాని మీద దారి సన్నం, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క లోతు.

"ఆపుండ్రి" అంది అమ్మ.

నాయన ఉలిక్కిపడ్డాడు. "ఎనక నాయన ఉన్నడు. ఇప్పుడు ఆపితె ఏమైతదో ఎరుకేనా?"

"ఎరుకే. కట్ట ఎక్కకముందే ఆపుండ్రి."

ఆగింది. వెనక తాత లేచి నిలబడ్డాడు. ఖాసిం మామ దూకి వచ్చాడు. "ఏమైంది? బండి ఆగిందా?" అన్నాడు తాత. అమ్మ నా చెవిలో చెప్పింది, నేను గట్టిగా అరిచాను: ఎడమ పక్క ముందు చక్రం. ఖాసిం మామ చక్రాన్ని కాలితో తన్ని చూశాడు, బోల్టులు పట్టి చూశాడు. "అన్ని గట్టిగనే ఉన్నయి బిడ్డా. అమ్మగారికి చెప్పు, గాబరపడేటందుకు ఏం లేదు" అన్నాడు, తాత వైపు భయంగా చూస్తూ. నేను ఆ మాట చేరవేయడానికి తిరిగేసరికి తలుపు తెరుచుకుంది. అమ్మ కొంగు నిండుగా కప్పుకుని, చేతిలో ఊదుగొట్టంతో రోడ్డు మీద దిగింది. మా అమ్మ నడిరోడ్డు మీద ఎండలో నిలబడగా నేను చూడటం అదే మొదలు. పక్క జొన్నచేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. "బండిని మెల్లగ నూకమను" అంది అమ్మ నాతో. నాయన, ఖాసిం మామ తోస్తుంటే, అమ్మ వంగి చక్రం వెనకాల ఇరుసుకు గొట్టం ఆనించి, బండితోపాటు చిన్న చిన్న అడుగులు వేస్తూ విన్నది. "బయట కాదు. లోపట. నడిమధ్యన" అంది. ఈసారి నాతో కాదు, ఎవరితోనూ కాదు, అట్లా పైకే అనేసింది.

ఖాసిం మామ చక్రం నడుమ ఉన్న మూత ఊడదీశాడు. చూశాడు.  "యా అల్లా, సీల లేదు."

ఎద్దుబండ్ల దేశంలో సీల అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఇరుసు కొసన చక్రం జారిపోకుండా కొట్టే చిన్న ఇనుప మేకు. కారులో అయితే పెద్ద నట్టు ఊడకుండా అది అడ్డం ఉంటుంది. అది లేక నట్టు తిరిగి తిరిగి చివరి మర చుట్టు దాకా వచ్చేసింది. ఇంకొంచెం దూరం పోతే, సరిగ్గా కట్ట మీద, చక్రం తన దారి తాను చూసుకునేది. "తప్పు నాదే పేష్కారు సాబ్" అన్నాడు ఖాసిం మామ, కళ్ళలో నీళ్ళతో. "ఆ టక్కు చప్పుడు కోసం చక్రాలన్ని ఇప్పిన. మల్ల బిగించేటప్పుడు ఈ ఒక్క సీల మర్సిన." లేని రోగానికి మందు వేయబోయి ఉన్న ప్రాణం మీదికి తెచ్చాడన్నమాట. నట్టు బిగించవచ్చు, కానీ సీల ఎక్కడిది? చేలోంచి ఒకామె నీళ్ళ ముంతతో వచ్చి అమ్మకు అందించింది. ఇంకొకామె, "మా బండి సీల తెమ్మంటవా?" అంది. అది బొటనవేలంత లావు, పట్టదు. అప్పుడు అమ్మ రొంటిన దోపుకున్న గుడ్డ విప్పి లాడాన్ని నా చేతిలో పెట్టింది. దానికున్న మేకు సన్నం. ఖాసిం మామ పటకారుతో దాన్ని పీకి, ఇరుసు బెజ్జంలో దూర్చి, కొస వంచాడు. కొలిచి చేసినట్టు పట్టింది.

తాత లాడాన్ని నా చేతిలోంచి తీసుకుని తిప్పి చూశాడు. "ఇది నా గుర్రం లాడం" అన్నాడు మెల్లగా. పేష్కారీ రోజుల్లో ఆయన ఎక్కిన గుర్రం అది. "ఇదెక్కడ దొరికింది?" సీటు కింద అని చెప్పాను. అవ్వ పేరు నేను చెప్పలేదు. పసుపు చెప్పింది. ఆయన మనసులో లెక్క తేల్చుకుంటున్నట్టున్నాడు. టక్కు చప్పుడు తన భార్య కట్టిన రక్షది. సీల మరిచినవాడు తను కుదిర్చిన డ్రైవరు. వినబడుతోందని చెప్పిన మనిషిని నమ్మనివాళ్ళు తనూ, తన కొడుకూ. ఎవరి మీద కోపగించుకుందామన్నా అది తిరిగి తిరిగి తన గడపలోకే వస్తోంది. నాయన నేల చూపులు చూస్తున్నాడు. అమ్మ కారుకు ఆ పక్క ముఖం తిప్పుకుని నిలబడింది. ఇక వెనక్కి మళ్ళమంటాడని మేమందరం ఎదురుచూస్తున్నాం.

"ఇగ పోదమా అమ్మా?" అన్నాడు తాత.

అలవాటు ప్రకారం నేను అమ్మ వైపు తిరిగి, "తాత ఇగ పోదమా అంటుండు" అన్నాను.

"నువ్వు ఊకో" అన్నాడు తాత నన్ను. "నేను మీ అమ్మనే అడుగుతున్న. బండి ఆగలేదు తల్లీ, నువ్వు ఆపినవు. అందర్ని బతికిచ్చినవు. ఇప్పుడు మంచిగున్నదా? పోవచ్చునా? నువ్వు చెప్తెనే ఎక్కుత."

అమ్మ పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ మనిషితో ఒక్క మాట ఆడి ఎరగదు. గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, తల వంచుకునే, "పోదం మామా. మా అమ్మ చెయ్యి లేపుకుంట ఎదురుచూస్తది" అంది. అని ఏడ్చింది. చేలో ఆడవాళ్ళు ఎందుకు ఏడుస్తోందో తెలియకపోయినా కళ్ళు తుడుచుకున్నారు. మా ప్రాంతంలో ఏడుపు అట్లా పంచుకుంటారు. ఆ రోజుతో నా రాయబారం కొలువు ఊడింది. కొంత చిన్నబోయాను కూడా.

ఆ రోజు నాగర్‌కర్నూల్లో తాత వియ్యపురాలి గడపలో నిలబడి, "మీ బిడ్డ చెవి బంగారమమ్మా" అని చెప్పాడు. అమ్మమ్మ ఎడమచెయ్యి ఎత్తి ఆయనకు దండం పెట్టబోయింది, ఒక్క చేత్తో పెట్టిన దండం. ఘోషా ఒక్కరోజులో పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. కానీ తర్వాతి నెల నుంచి ఎడమ పక్క పరదా జానెడు తెరిచి ఉంచమన్నాడు తాత. "చక్రం చప్పుడు ఇనబడాలె గద" అనేవాడు, ఎవరూ అడక్కపోయినా. ఆ జానెడు సందులోంచి మా అమ్మ గోపాలపేట కోటనూ, చెరువుల మీద కొంగలనూ, జొన్నచేలలో తనకు నీళ్ళిచ్చిన ముఖాలనూ నెల నెలా చూసింది. ఒకసారి చేయి బయటికి పెట్టి ఊపింది కూడా. అవ్వ లాడం కట్టడం మానలేదు. అమ్మ దానికి ముఖమల్ సంచి కుట్టి ఇచ్చింది, అంతే. యుద్ధం వచ్చి పెట్రోలు దొరక్కుండా పోయేదాకా, ఆ స్నేహితుడు తిరిగి వచ్చి కారు తీసుకుపోయేదాకా ఇట్లాగే నడిచింది. అప్పటికే అమ్మమ్మ, చివరి నెల దాకా కూతురి చేతి ముద్ద తిని కన్నుమూసింది. తల్లికి చేసుకోలేదన్న లోటు అమ్మకు మిగల్లేదు.

వనపర్తి నుంచి నన్ను మా మనవరాలు తన కారులో తీసుకువచ్చింది. వెనక సీట్లో కూర్చున్నాను, ఊదుగొట్టం నా ఒడిలో ఉంది. కారు నిండా దీపాలు, ఏ చిన్న లోపం వచ్చినా తెర మీద రాసి చూపుతుందట. పరదా లేదు, రాయబారి లేదు, ముందు సీట్లో ఆడపిల్ల స్టీరింగు పట్టుకుని పాట పెట్టుకుని నడుపుతోంది. ఈ రోజులు చెడిపోయాయని గొణిగే నా వయసువాళ్ళను ఒక్కసారి ఈ సీట్లో కూర్చోబెట్టాలనిపించింది. కొంతదూరం పోయాక నా పక్క తలుపు దగ్గర టక్ టక్ మొదలైంది. తెర మీద ఏమీ లేదు. నేను చెబుదామా వద్దా అని కొంత తటపటాయించాను, అలవాటు కొద్దీ. తర్వాత, "ఆపవే ఒకసారి" అన్నాను.

ఎందుకని అడగలేదు. నీకు ఊరికే వినబడుతుంది అనలేదు. పక్కకు తీసి ఆపింది. దిగి చూస్తే, నా సీటు బెల్టు కొస తలుపు సందులో ఇరుక్కుని బయట వేలాడుతూ తలుపుకు కొట్టుకుంటోంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పిల్ల బెల్టు లోపలికి తీసి, నా మీదుగా బిగించి, తన సీట్లో కూర్చుని నా వైపు తిరిగింది.

"ఇప్పుడు మంచిగున్నదా అమ్మమ్మా? పోదమా?"

నేను గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, పోదామన్నాను.